డ్యూటీ దిగినా దిగని బరువు: ఆసుపత్రి సిబ్బంది మనసు కోసం ఒక సమగ్ర మార్గదర్శి

రాత్రి రెండున్నర. ఐసీయూలో వెంటిలేటర్లన్నీ నిండిపోయాయి. ములుగు అవతలి నుంచి 108లో వచ్చిన ముప్పై ఏళ్ల మనిషికి డాక్టర్ గారు గొట్టం వేశారు. చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగ్ నొక్కడానికి మా దగ్గర ఖాళీ చేతులు లేవు. అతని తమ్ముడిని పిలిచి బ్యాగ్ చేతిలో పెట్టాను. భయంతో గబగబా నొక్కేస్తున్నాడు. "ఐదు లెక్కపెట్టు బిడ్డా, ఆరోదానికి నొక్కు" అని పక్కన నిలబడి నేర్పాను. మిగతా మంచాలు చూసుకుంటూ మధ్యమధ్యలో తొంగిచూస్తే అతని పెదాలు కదులుతూనే ఉన్నాయి, ఒకటి, రెండు, మూడు. తెల్లవారుజామున అన్న పోయాడు. తమ్ముడి బొటనవేలు బ్యాగ్ పట్టుకున్న వంపులోనే బిగుసుకుపోయింది. నేనే పట్టుకుని మెల్లగా విప్పాను. అప్పుడు అడిగాడు: "సిస్టరమ్మా, నేను సక్కగ నొక్కలేదా?"

ఇది జరిగి పద్దెనిమిదేళ్లు. అది ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అవసరం లేదు. ఆ పొద్దున హ్యాండోవర్ ఇచ్చి, హన్మకొండలో ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే నా పెదాలు ఐదు దాకా లెక్కపెడుతున్నాయి. రెండు రోజులు సెలవు పెట్టి పడుకున్నాను. అలసట తీరింది. లెక్క మాత్రం ఆగలేదు.

ఉత్తర తెలంగాణలో కేసు చేయిదాటిందంటే దారి వరంగల్‌కే. భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్, జనగామ, ఎటునుంచి రిఫర్ చేసినా చివరికి వరంగల్ ప్రభుత్వ పెద్దాసుపత్రి ఎంజీఎం గేటు దగ్గరో, హన్మకొండలో ఏదో ప్రైవేటు ఆసుపత్రి ముందో అంబులెన్స్ ఆగుతుంది. అంటే ఈ ఊళ్లో పనిచేసే స్టాఫ్ నర్సు, హౌస్ సర్జన్, వార్డు బాయ్ రోజూ చూసేది నాలుగైదు జిల్లాల ఆఖరి ఆశను. అటు ఊళ్లల్లో ఆశ అక్క, ఏఎన్ఎం, 108 సిబ్బంది మొదటి ఏడుపు వింటారు. వాళ్లందరి కోసం ఇది రాస్తున్నాను. జబ్బు ఇదీ అని తేల్చాల్సింది సైకియాట్రిస్టు. అక్కడిదాకా పోయేలోపు మనం చేసుకోగలిగినవి, ఒకరికొకరం చేయగలిగినవి ఇక్కడ ఉన్నాయి.

మొదటి మెట్టు: బాధకు సరైన పేరు పెట్టండి

మన దిక్కు మనసు బాధలకు మాటలు తక్కువేమీ లేవు. బుగులు అంటే గుండె దడదడలాడే భయం. రంది అంటే లోపల తొలిచే దిగులు. మనాది అంటే పోయిన మనిషి మీద బెంగ పెట్టుకుని శుష్కించిపోవడం. పేషెంట్లు ఈ మాటలు అంటే మనకు వెంటనే అర్థమవుతుంది. మన దగ్గరికి వచ్చేసరికి మాత్రం అన్నింటినీ కలిపి "టెన్షన్" అనేస్తాం. అక్కడే దారి తప్పుతాం, ఎందుకంటే ఒక్కో బాధకు మందు వేరు.

రెండు రోజులు కంటినిండా నిద్రపోతే తగ్గేది అలసట. నెలల తరబడి పని మీద విరక్తి పుట్టి, పేషెంటు మనిషిలా కాకుండా మంచం నంబరులా కనిపిస్తుంటే అది బర్నవుట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని పని వల్ల వచ్చే స్థితిగా గుర్తించింది, జబ్బుల లెక్కలో వేయలేదు. చూసిన దృశ్యం అడగకుండానే కళ్ల ముందుకు రావడం, ఆ వార్డు వైపు నడవాలంటే కాళ్లు రాకపోవడం, ట్రాలీ చప్పుడుకు కూడా ఉలిక్కిపడటం ట్రామా, అంటే మనసుకు తగిలిన గాయం, గుర్తులు. ఇవి నెల దాటినా తగ్గకపోతే, ఆ గాయం జబ్బుగా ముదిరిన పీటీఎస్‌డీ ఏమోనని డాక్టర్ చూడాలి.

నాలుగోదానికే మన భాషలో ఒక్క మాట లేదు. "చేతులు కట్టేసినట్టయింది" అంటాం. ఏది సరైనదో తెలుసు, అయినా చేయలేకపోయాం, ఎందుకంటే మంచం లేదు, మనుషులు లేరు, పైవాళ్లు వద్దన్నారు, ఇంటివాళ్ల దగ్గర డబ్బుల్లేవు. ఆండ్రూ జేమ్‌టన్ అనే అమెరికన్ ఆచార్యుడు 1984లో నర్సుల గురించి రాస్తూ దీనికి మోరల్ డిస్ట్రెస్ అని పేరు పెట్టాడు. నైతిక వేదన అందాం. అంబూ బ్యాగ్ రాత్రి నాకు జరిగింది అదే. ఆ పేరు నాకు ఎనిమిదేళ్ల తర్వాత తెలిసింది. అప్పటిదాకా నేను ఈ పనికి పనికిరాని మెత్తటి మనిషిని అనుకున్నాను.

ఇందులో ఇంకో సంగతి తెలుసుకోవాలి. చెరువులో ఏటా పూడిక పడుతుంది. వాన అంతే కురిసినా, పూడిక పెరిగిన చెరువు తొందరగా మత్తడి దుంకుతుంది. ఎప్స్టైన్, హామ్రిక్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో నైతిక వేదన గురించి దాదాపు ఇదే చెప్పారు: ఒక్కో సంఘటన తర్వాత బాధ తగ్గినట్టు కనిపించినా అడుగున కొంత మిగిలిపోతుంది, తర్వాతి సంఘటన ఆ మిగిలినదాని మీద పడుతుంది. పదిహేనేళ్ల సర్వీసున్న సిస్టర్ ఒక చిన్న మాటకు డ్యూటీ రూంలో వెక్కివెక్కి ఏడిస్తే ఆ చిన్న మాట గురించి ఆరా తీయకండి. పూడిక గురించి అడగండి.

రెండో మెట్టు: ఘోరం జరిగిన రోజు, ఆ తర్వాత మూడు రోజులు

డ్యూటీ దిగే ముందు పది నిమిషాలు ఆగండి. మొహం కడుక్కుని, నీళ్లు తాగి, కూర్చుని, నమ్మకం ఉన్న ఒక్క మనిషికి ఒక్క వాక్యం చెప్పండి: "ఇయ్యాల నా చేతుల్ల ఒక చంటిపిల్ల పోయింది." అంతకన్నా వివరాలు చెప్పాల్సిన పని లేదు. చేతులు వణుకుతుంటే స్కూటీ తీయొద్దు. ఎవరినైనా దింపమనండి, లేదా ఆటో ఎక్కండి.

సీనియర్ అయితే మీ పని ఇంకా తేలిక, కానీ చాలామంది తప్పు చేసేది ఇక్కడే. "ఏం జరిగింది, ఎలా జరిగింది" అని విచారణ మొదలుపెడతారు. "తిన్నవా?", "ఇంటికి ఎవరితోని పోతున్నవ్?", "రాత్రి ఫోన్ చేస్తా, ఎత్తు." ఈ మూడు చాలు. సంఘటన జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి జరిగిందంతా పూసగుచ్చినట్టు బలవంతంగా చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. దానివల్ల పీటీఎస్‌డీ ఆగడం లేదని, కొందరికి కీడు కూడా జరుగుతోందని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని వద్దంది. చెప్పాలనుకున్నవాళ్లు చెబుతారు. వద్దనుకున్నవాళ్లను వదిలేయండి.

నిద్ర మాత్రల సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మందులు మన చేతికి అందే దూరంలోనే ఉంటాయి. అల్ప్రాజోలం సగం ముక్క వేసుకుంటే ఏమవుతుందిలే అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో, ఘోరం జరిగిన మొదటి నెలలో నిద్రలేమికి గానీ భయానికి గానీ ఈ రకం మందులు ఇవ్వొద్దని ఉంది. అలవాటు తొందరగా పడుతుంది. మద్యం సీసా సంగతీ అంతే. మొదటి మూడు నాలుగు రాత్రులు నిద్ర పట్టకపోవడం జబ్బు కాదు. లేచి కూర్చుని, మళ్లీ పడుకుని, పొద్దున మాత్రం మామూలు వేళకే లేవండి.

దృశ్యం మీద పడి ముంచేస్తుంటే నాకు పనికొచ్చిన ఉపాయం ఇది. స్టీల్ గ్లాసులో చల్లటి నీళ్లు పోసి రెండు చేతులతో పట్టుకోండి. అరికాళ్లు నేలకు ఆనించండి. చల్లదనం ఎక్కడిదాకా పాకుతోందో చూడండి. ఊపిరి లోపలికి తీసుకున్నదానికన్నా బయటికి ఎక్కువసేపు వదలండి. ఆ తర్వాత గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి అనండి. దృశ్యం మాయం కాదు. మీరు ఇప్పుడు ఇంట్లో ఉన్నారని శరీరానికి తెలుస్తుంది, అంతే కావాలి.

మీ చేతి వల్ల పొరపాటు జరిగి ఉంటే ఈ మూడు రోజులు ఇంకా కష్టం. అమెరికన్ డాక్టర్ ఆల్బర్ట్ వూ 2000లో ఇలాంటి వైద్య సిబ్బందిని "రెండో బాధితులు" అన్నాడు. మొదటి బాధితులు పేషెంటు, వాళ్ల ఇంటివాళ్లు. ఆ వరుస మరచిపోకూడదు. కేస్ షీట్ దిద్దకండి. ఇన్‌ఛార్జికి, డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి, టైం వేసి రాయండి. దాచిన పొరపాటు లోపల పుండై కూర్చుంటుంది. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క పెట్టకండి, పేషెంటు ఫొటో అసలే వద్దు.

మూడో మెట్టు: నాలుగు వరుసల కాగితం

నా అనుభవంలో అన్నింటికన్నా ఎక్కువ పనిచేసింది ఇదే. వారం లోపు, కాస్త నిమ్మళం అయ్యాక ఒక కాగితం తీసుకోండి. ఏం జరిగింది? నాకు ఏది సరైనదనిపించింది? నన్ను ఆపింది ఏది? దాన్ని మార్చే అధికారం ఎవరికి ఉంది? ఒక్కోదానికి రెండు వాక్యాలకు మించి రాయొద్దు. పేషెంటు పేరు రాయొద్దు.

మూడో వరుస దగ్గర కలం ఆగిపోతుంది. మొదట్లో అందరం "నేనే" అని రాస్తాం. అప్పుడు ఒక జొన్నరొట్టె గీయండి. ఆ చావుకో ఆ అన్యాయానికో కారణమైనవన్నీ రాసి, ఒక్కోదానికి ఎంత ముక్క వస్తుందో కోయండి. జబ్బు తీవ్రత ఎంత? మూడు గంటలు ఆలస్యంగా బయలుదేరడం ఎంత? నిండిపోయిన వెంటిలేటర్లు ఎంత? రాత్రికి ఇద్దరే నర్సులు ఉండటం ఎంత? మీ ముక్క చివరన కోయండి. మొదట కోస్తే రొట్టె అంతా మీదే అవుతుంది. మానసిక చికిత్సలో వాడే పద్ధతే ఇది. నేను గీసుకున్నప్పుడు నా ముక్క వేలెడంత మిగిలింది. ఆ వేలెడు ముక్క నిజమే, కాదనలేదు: ఆ తమ్ముడిని మూడు గంటలు ఒక్కడినే నిలబెట్టాను, అతను అడిగినదానికి తల నిమిరి వచ్చానే గానీ జవాబు చెప్పలేదు.

నాలుగో వరుస మన బాధకు ఒక చిరునామా ఇస్తుంది. వెంటిలేటర్లు తెప్పించడం నా చేతిలో లేదు. అంబూ నొక్కే బంధువుకు అరగంటకోసారి మారే మనిషిని పెట్టించడం మా ఐసీయూ చేతిలో ఉంది. గోడ గడియారం ఎదురుగా స్టూలు వేయడం మా చేతిలో ఉంది. "నువ్వు సరిగ్గనే నొక్కినవ్ తమ్మీ, జబ్బే పెద్దది" అని చెప్పడం నా నోట్లో ఉంది. ఇవి మర్నాటి నుంచే మొదలుపెట్టొచ్చు. రాత్రి డ్యూటీలో మూడో నర్సు కావాలన్నది మాత్రం పైకి రాయాల్సిందే.

రాసేటప్పుడు ఒక్కరి పేరు మీద రాయకండి. ఒక్కరు రాస్తే గొడవల మనిషి అంటారు. మేం మొదట ఇద్దరం రాశాం, జవాబు రాలేదు. మళ్లీ రాశాం, రాలేదు. మూడోసారి పదకొండు మంది సంతకాలు పెట్టి, నాలుగు తేదీలు, ఆ నాలుగు రాత్రులు ఎన్ని మంచాలకు ఎంతమంది ఉన్నామో అంకెలు వేసి ఇచ్చాం. ఏడుపు లేదు, ఆరోపణ లేదు, అంకెలు మాత్రమే. ఐసీయూకు రాత్రిపూట ఒక మనిషి పెరిగింది. ఒక్క మనిషే. కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టినవాళ్లలో ఎవరూ ఆ ఏడాది ఉద్యోగం వదలలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఘోరం జరిగిన ప్రతిసారీ సిబ్బందికి గంటసేపు యోగా క్లాసో, స్ట్రెస్ మేనేజ్‌మెంట్ క్లాసో పెట్టి చేతులు దులుపుకుంటున్నారు. యోగా మంచిదే, నేనూ చేస్తాను. అది నడుము నొప్పికి, నిద్రకు పనికొస్తుంది. ఖాళీ పోస్టు వల్ల పుట్టిన వేదనకు దాన్ని మందుగా ఇస్తే, లోపం నీ ఊపిరి తీసుకునే తీరులో ఉందని సిబ్బందికి చెప్పినట్టవుతుంది.

నాలుగో మెట్టు: వారానికి అరగంట మాటలు

ఒకే రోజు, ఒకే వేళ పెట్టుకోండి. మధ్యాహ్నం హ్యాండోవర్ తర్వాత అయితే రెండు షిఫ్టుల వాళ్లూ దొరుకుతారు. ఫోన్లు పక్కన పెట్టాలి. ఒకరు చెబుతుంటే ఇంకొకరు మధ్యలో సలహా ఇవ్వకూడదు. "నేనైతే అట్ల చేసేదాన్ని" అన్న మాట నిషిద్ధం. ఎవరు తప్పు చేశారన్నది తేల్చే చోటు ఇది కాదు, దానికి వేరే మీటింగులున్నాయి. మాట్లాడకుండా చాయ్ తాగి వెళ్లినా తప్పు లేదు.

మొదటి రెండు వారాలు ఎవరూ పెదవి విప్పరు. పెద్ద డాక్టర్ వచ్చి కూర్చుంటే అసలే విప్పరు, కాబట్టి మొదట నర్సులు, ఆయాలు, వార్డు బాయ్‌లతో మొదలుపెట్టండి. హౌస్ సర్జన్లకు వాళ్ల వాళ్లతో వేరేగా పెట్టండి. సీనియర్లు వచ్చినా తమ కథ ముందు చెప్పాకే ఎదుటివాళ్లను అడగాలి.

మా దగ్గర మూడో వారం మాట్లాడింది మా ఆయా పెద్దమ్మ. చంటిపిల్ల పోయినప్పుడు చుట్టడానికి గుడ్డ ఆమే తెచ్చేది. ఎక్కడి నుంచి తెస్తుందో మాలో ఎవరమూ ఎప్పుడూ అడగలేదు. తన పాత నూలు చీరలు ఉతికి, చింపి, మడతపెట్టి సంచిలో తెచ్చి ట్రాలీ కింద పెట్టుకుంటుందట. "ఉత్త చేతులకు ఎట్ల ఇయ్యాలె బిడ్డా తల్లికి" అన్నది. ఆ మాట అన్నాక చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పదేళ్లుగా ఆమె ఈ బరువు మోస్తోందని, ఆ గదిలో అందరికన్నా పూడిక ఎక్కువ ఆమెలోనే ఉందని మాకు అప్పుడు తెలిసింది. పారిశుధ్య సిబ్బంది, మార్చురీలో పనిచేసేవాళ్లు, సెక్యూరిటీ వాళ్లు మీ అరగంటలో ఉన్నారో లేదో ఒకసారి చూసుకోండి.

ఆశ అక్కలకు ఇంకో ఇబ్బంది ఉంది. వాళ్లకు డ్యూటీ దిగడమంటూ లేదు. తను ఆసుపత్రికి తీసుకెళ్లిన బాలింత తిరిగి రాకపోతే, మర్నాడు పొద్దున ఆ ఇంటి ముందు నుంచే నడవాలి. బావి దగ్గర మాటలు వినాలి. పీహెచ్‌సీలో నెలవారీ మీటింగ్ రోజు రిజిస్టర్లు తెరవకముందే ఇరవై నిమిషాలు వాళ్ల కోసం తీసిపెట్టమని మెడికల్ ఆఫీసర్లను వేడుకుంటున్నాను. 108లో పనిచేసేవాళ్లకైతే దించిన పేషెంటు బతికాడో లేదో కూడా తెలియదు. ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి. చెడు వార్త అయినా సరే, తెలియకపోవడం కన్నా అదే నయం.

ఐదో మెట్టు: మీ ముందున్న మనిషితో

మన గాయం మానకముందే ఇంకొకరి గాయానికి కట్టుకట్టే పని మనది. మనసు మొద్దుబారితే నోరు కటువవుతుంది. దాని దెబ్బ మొదట తగిలేది దిక్కులేనివాళ్లకే.

పురుగుల మందు తాగి వచ్చినవాళ్ల సంగతి చూడండి. "సచ్చేదానికి తాగి మళ్ల ఇక్కడికెందుకొచ్చినవ్" అన్న మాట కేజువాలిటీలో వినని వారు ఉండరు. పత్తి పండించే ఈ నేల మీద, అప్పు, పంట నష్టం, ఇంట్లో గొడవ, ఒక్క క్షణం కోపం ఎంతమందిని మన దగ్గరికి తెచ్చాయో మనకు తెలుసు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, చికిత్స, పునరావాసం చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత 309 సెక్షన్ లేదు. మెడికో లీగల్ కేసు రాసేటప్పుడు ఇంటివాళ్లకు ఈ మాట చెప్పండి, సగం బుగులు పోతుంది.

మనిషి తేరుకున్నాక పరదా వేసి, స్టూలు లాక్కుని కూర్చుని నేరుగా అడగండి: "మళ్ల సచ్చిపోవాలె అనిపిస్తాందా?" అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అడిగే మనిషి దొరికిందని ప్రాణం కుదుటపడుతుంది. చెన్నైతో సహా ఐదు దేశాల్లో ఐదు చోట్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లతో డిశ్చార్జి సమయంలో గంటసేపు మాట్లాడి, తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో ఇంటికి వెళ్లో పలకరిస్తే, అలా చేయని వాళ్లలో కన్నా ఆత్మహత్య మరణాలు తక్కువయ్యాయి. తొమ్మిది పలకరింపులు! డిశ్చార్జి రోజున ఆ ఊరి ఆశ అక్క నంబరు తీసుకుని, పేషెంటు ఒప్పుకుంటే వాళ్లిద్దరినీ ఫోన్లో కలిపేయండి. పురుగుల మందులు ఇంట్లో లేకుండా చేయమని ఇంటివాళ్లకు విడిగా చెప్పండి. మొదటి వారంలోనే మళ్లీ రమ్మనండి.

"మెట్ల మీద పడ్డ" అని చెప్పే ఆడపిల్ల పక్కన అత్తో మొగుడో నిలబడి ఉంటే ఏమీ అడగొద్దు. "బరువు చూడాలె, ఒక్కతే రావాలె" అని లోపలికి తీసుకెళ్లండి. తలుపు వేశాక, కళ్లలోకి గుచ్చి చూడకుండా, బీపీ కట్టు కడుతూ అడగండి: "ఇంట్ల ఎవరన్న కొడతాన్రా చెల్లె?" అవునంటే, ఏం చేయాలో మీరే తేల్చేయకండి. "నేను నమ్ముతున్న, తప్పు నీది కాదు" అనండి. ఈ రాత్రి ఇంటికి పోవడం క్షేమమేనా అని అడగండి. మహిళా హెల్ప్‌లైన్ 181, హింసకు గురైన ఆడవాళ్లకు అండగా ఉండే జిల్లాలోని సఖి కేంద్రం గురించి చెప్పండి. నంబరు చీటీ మీద రాసివ్వొద్దు, అది దొరికితే ఇంకో దెబ్బ. నోటికి వచ్చేలా రెండుసార్లు చెప్పించండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక దాడి అయితే పోక్సో చట్టం కింద తెలియజేయడం తప్పనిసరి, కాబట్టి "ఎవ్వలకు చెప్ప" అని ముందే మాటివ్వకండి. ఇవ్వలేని మాట ఇచ్చి తప్పితే ఆ పిల్లకు మళ్లీ ద్రోహం జరిగినట్టే.

వరద లాంటి విపత్తు తర్వాత ఊళ్లోకి వెళ్తే పని వేరు. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగినప్పుడు జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. అలాంటి ఊళ్లో మొదట కావాల్సింది కౌన్సెలింగ్ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్సలో మూడు పనులున్నాయి: చూడు, విను, కలుపు. ఎవరు ఒంటరిగా మూలన కూర్చున్నారో చూడాలి. చెబితే వినాలి, తవ్వకూడదు. పోయిన మనిషి ఆచూకీకి, బియ్యానికి, పొడి బట్టలకు, రేషన్ కార్డు నకలుకు, సంబంధించిన మనిషితో కలపాలి. ఆ తర్వాతి వానాకాలం మళ్లీ వెళ్లండి. మబ్బు కమ్మితే సంచి సర్దుకుని గడపలో కూర్చునే ముసలమ్మ అప్పుడు కనిపిస్తుంది. ఏటూరునాగారం వైపు కోయ గూడేల్లో అయితే భాష తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లండి, పిల్లలతో తర్జుమా చేయించకండి. తల్లి దుఃఖాన్ని పిల్ల నోటితో చెప్పించడం ఆ పిల్లకు శిక్ష.

"గాలి సోకింది" అని తాయత్తు కట్టుకుని వస్తే నవ్వొద్దు, తెంపొద్దు. "తాయత్తు ఉండనీ, ఈ గోలీ కూడా వేసుకో" అంటే రెండోసారి వస్తారు.

ఆరో మెట్టు: డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

రెండు వారాలుగా రోజులో ఎక్కువసేపు రంది ఉండి, ఇష్టమైన పని కూడా మనసున పట్టకపోతే. దృశ్యాలు, ఉలికిపాటు నెల దాటితే. డ్యూటీకి ముందు మద్యం తాగాల్సి వస్తుంటే. నిద్ర మాత్ర లేకుండా పడుకోలేకపోతుంటే. పిల్లల మీద చేయి లేస్తుంటే. ఇంకా ఆలోచించకండి. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక మనలో చాలామంది పేషెంట్లకు పెట్టిందే, మనం కూడా పెట్టుకోవచ్చు. 27కు 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టర్‌ను కలవాలి. చావు ఆలోచన గురించిన తొమ్మిదో ప్రశ్నకు సున్నా తప్ప ఏది వచ్చినా అదే రోజు కలవాలి. అలాంటివాళ్లను ఒంటరిగా ఇంటికి పంపొద్దు, మనకు మందుల గది తాళాలు అందుబాటులో ఉంటాయన్నది మరవొద్దు.

మన ఆసుపత్రి ఓపీలోనే చీటీ రాయించుకుని నిలబడటానికి మొహం చెల్లదు, నాకు తెలుసు. నేను మొదటిసారి వేరే ఊరికి వెళ్లి చూపించుకున్నాను. ముందు ఫోన్‌తోనైనా మొదలుపెట్టండి. టెలీ మానస్ 14416 నంబరు 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీ పగలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 2017 చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ మానసిక చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు. డిప్రెషన్ మందులు పని చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, అల్ప్రాజోలంలా అలవాటు పడవు. మధ్యలో బాగుందని సొంతంగా ఆపకండి. ట్రామాకైతే మాటలతో చేసే చికిత్సలు బాగా పనిచేస్తాయి, దొరికితే వదులుకోవద్దు.

ఏడో మెట్టు: ఇన్‌ఛార్జిలు, సూపరింటెండెంట్లు చేయాల్సినవి

చావు చూసిన రాత్రి దాటగానే ఆ మనిషిని మళ్లీ అదే మంచం దగ్గర వేయకండి. రాత్రి డ్యూటీ దిగినవాళ్లను పొద్దున మీటింగ్‌కు ఆపకండి. మేడారం జాతర లాంటి డ్యూటీలు ముగించుకుని వచ్చినవాళ్లకు మర్నాడే వార్డు వేయకండి.

అటెండర్లు దాడి చేస్తే "సర్దుకుపో సిస్టర్" అనొద్దు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వచ్చిన చట్టం ప్రకారం వైద్య సిబ్బందిపై దాడికి మూడేళ్ల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా ఉంది, బెయిల్ రాని నేరం. ఫిర్యాదు మీరే ముందుండి ఇవ్వండి, ఇరవై రెండేళ్ల పిల్లను ఒక్కదాన్నే స్టేషన్‌కు పంపకండి. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఆ కమిటీలో ఎవరున్నారో మీ రాత్రి డ్యూటీ నర్సును అడగండి. చెప్పలేకపోతే గోడ మీద పేర్లు లేవన్నమాట. 2024 ఆగస్టులో కోల్‌కతాలో డ్యూటీలో ఉన్న యువ డాక్టర్‌పై జరిగిన ఘోరం తర్వాత మన పిల్లలు నెలల తరబడి డ్యూటీ రూం గడియ రెండుసార్లు చూసుకుని పడుకున్నారు. మీ వార్డులో ఆ గడియ లోపలి నుంచి పడుతుందో లేదో ఈ రాత్రే వెళ్లి చూడండి.

నాలుగు వరుసల కాగితాలకు మేం ఒక రెండువందల పేజీల నోటుబుక్కు పెట్టుకున్నాం. ట్రాలీ కింది అరలో, సెలైన్ సెట్ల పక్కన ఉంటుంది. తాళం లేదు. మొదటి పేజీలో పేషెంట్ల పేర్లు రాయొద్దని మాత్రం రాసి ఉంది. ఆ పక్కనే ఇప్పుడు ఉతికి మడతపెట్టిన తెల్లటి గుడ్డలు ఉంటాయి, అందరం వంతులేసుకుని తెస్తున్నాం.